దూరపు కొండలు నునుపు: ఉబ్బసానికి కొండగాలి మందవుతుందా?

"డాక్టరుగారూ, మా వాడికి కామెరాన్ హైలాండ్స్ గాలి పడుతుందంటున్నారు. అక్కడే ఏదైనా బడిలో వేసెయ్యమంటారా?" మన సంఘం ఉగాది వేడుకల్లో భోజనాల వరుసలో నిలబడినప్పుడు నాకు దాదాపు ప్రతి ఏడూ ఎదురయ్యే ప్రశ్న ఇది. వరుసలో నిలబడి రెండు ముక్కల్లో చెప్పగలిగిన జవాబు కాదు. అందుచేత ఈసారి సంచికలో కాస్త వివరంగా రాయాలనుకున్నాను. ఉబ్బసం ఉన్న పిల్లలో, పెద్దలో లేని ఇల్లు మన సభ్య కుటుంబాలలో తక్కువే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2019లో ప్రపంచం మొత్తం మీద 26 కోట్లమందికి పైగా ఈ జబ్బుతో ఉన్నారు. ఆ ఒక్క ఏడాదే 4,55,000 మంది దీనివల్ల మరణించారు. వీటిలో చాలా మరణాలు సరైన మందు సరైన సమయానికి అందితే ఆగేవే. కనుక "కొండ ఎక్కితే తగ్గుతుందా?" అన్న ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయకూడదు, తేలిగ్గా నమ్మనూ కూడదు.

ఈ నమ్మకం ఎక్కడ పుట్టింది?

మలయాలో కొండల మీద విడిది కట్టుకునే అలవాటు తెల్లదొరలది. పెనాంగ్ కొండమీద ఈస్టిండియా కంపెనీ కాలంలోనే జబ్బు నుంచి కోలుకునేవారికోసం బంగళాలు వెలిశాయి. 1880లలో తైపింగ్ దగ్గర మాక్స్‌వెల్ హిల్, అంటే నేటి బుకిట్ లారుట్, 1920లలో ఫ్రేజర్స్ హిల్ వచ్చాయి. 1885లో విలియం కామెరాన్ అనే సర్వేయరు చూసి వచ్చిన పీఠభూమికే కామెరాన్ హైలాండ్స్ అని పేరు. 1929లో అక్కడ బోహ్ తేయాకు తోట మొదలయింది. 1930ల తొలినాళ్ళలో తాపా నుంచి రోడ్డు పడింది. మైదానాల ఎండకూ, మలేరియాకూ భయపడిన దొరలు తమ పిల్లలను చదివించుకోవడానికి ఆ చల్లని కొండమీదే బడులు కూడా పెట్టుకున్నారు.

మన తాతముత్తాతలు శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చి బగాన్ డాతోలో కొబ్బరి తోటలలో, కెడాలో రబ్బరు తోటలలో పనిచేసిన కాలం కూడా అదే. బగాన్ డాతో వైపు పుట్టి పెరిగిన ఒక పెద్దావిడ నాతో ఒకసారి ఇలా అన్నారు: "దొరలకి దగ్గొస్తే కొండెక్కేవోరు బాబూ. మాకు దగ్గొస్తే ఎస్టేటు డ్రెస్సరు ఇచ్చిన ఎర్రమందు తాగి మళ్ళీ పనిలోకి పోయేవోళ్ళం." దొరకు దొరికినదీ, మనకు దొరకనిదీ గొప్ప మందే అయి ఉండాలని అనుకోవడం సహజం. ఈనాడు మనకు కారుంది, సెలవుంది, కొండమీద అద్దె గదీ ఉంది. కనుక ఇన్నాళ్ళకు ఆ మందు మన చేతికి అందిందని అనిపిస్తుంది.

మదనపల్లె చెప్పే పాఠం

కొండగాలి చికిత్స ఉబ్బసానికి కాక ముందు క్షయకు పెట్టినది. స్విట్జర్లాండులో 1,560 మీటర్ల ఎత్తున ఉన్న దావోస్ అనే ఊరికి 1853లో అలెగ్జాండర్ స్పెంగ్లర్ అనే వైద్యుడు వచ్చాడు. అక్కడి స్థానికులలో క్షయ కనిపించడం లేదని గమనించాడు. 1865 నుంచి శీతకాలంలో కూడా రోగులు అక్కడికి రావడం మొదలయింది. తరువాత ఐరోపా అంతటా కొండలమీద శానిటోరియంలు లేచాయి. జర్మన్ రచయిత థామస్ మన్ 1924లో వెలువరించిన 'ద మేజిక్ మౌంటెన్' నవలకు ఆ దావోసే రంగస్థలం.

ఆ గాలి మన తెలుగునాడుకూ వీచింది. రాయలసీమలో సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లె పక్కన, ఆరోగ్యవరంలో, 1915లో క్షయ శానిటోరియం తెరిచారు. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దానికి ఆద్యుడు. తరువాత దానికి నాయకత్వం వహించిన డాక్టర్ పి.వి. బెంజమిన్ స్వతంత్ర భారత ప్రభుత్వానికి క్షయ విషయంలో సలహాదారుగా కూడా పనిచేశారు. పొడి గాలి, చెట్ల నీడ, పాలు, గుడ్లు, నెలల తరబడి విశ్రాంతి, ఇదీ అప్పటి వైద్యం. స్థోమత ఉన్నవారు హిమాలయాల దాకా పోయేవారు. కమలా నెహ్రూను 1930లలో భోవాలి శానిటోరియంలో ఉంచి, ఆపైన ఐరోపాకు తీసుకువెళ్ళారు. అయినా 1936 ఫిబ్రవరిలో ఆమె కన్నుమూశారు. అప్పటికి మందు పుట్టలేదు మరి.

మందులు వచ్చాక అసలు పరీక్ష జరిగింది. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఏర్పడింది. బీద రోగులను చీటీలు వేసినట్లు రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టును శానిటోరియంలో మంచి తిండి, విశ్రాంతి, గాలి వెలుతురులతో ఉంచారు. రెండో జట్టును వాళ్ళ ఇరుకు ఇళ్ళలోనే ఉంచి మందులిచ్చారు. ఇద్దరికీ మందులు ఒకటే. 1959లో ఫలితాలు వెలువడ్డాయి. ఇంట్లో ఉన్నవారూ ఇంచుమించు శానిటోరియం వారిలాగానే కోలుకున్నారు. ఇంటివారికి జబ్బు ఎక్కువగా అంటుకోనూ లేదు. పనిచేసినది కొండ కాదు, క్రమం తప్పకుండా మింగిన మందు అని తేలింది. ప్రపంచమంతటా క్షయ వైద్యం శానిటోరియం వదిలి ఇంటికి రావడానికి దారి చూపిన అధ్యయనం అది. ఉబ్బసం సంగతి మాట్లాడుకునే ముందు దీన్ని గుర్తు పెట్టుకోవాలి.

పరుపులో దాగిన పురుగు

అయితే ఉబ్బసానికి కొండగాలి అసలు పనిచేయదా? కొన్ని కొండలమీద కొందరికి నిజంగానే పనిచేసింది. ఎందుకో తెలిస్తే మన కొండల సంగతీ తెలుస్తుంది.

ఉబ్బసంలో ఊపిరితిత్తులకు గాలి చేరవేసే సన్నని గొట్టాలు లోపల వాచి ఉంటాయి. ఆ వాపు మీద ఏదైనా రాపిడి తగిలితే గొట్టం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, జిగురు ఊరుతుంది. అప్పుడే పిల్లికూతలు, ఆయాసం, తెల్లవారుజామున దగ్గు. రాపిడి కలిగించేవి ఇంటింటికీ వేరు కావచ్చు: జలుబు, సిగరెట్టు పొగ, పెంపుడు పిల్లి, బొద్దింకలు, బూజు. కానీ మన దేశంలో వీటన్నిటికీ పెద్దన్న ఒకటుంది. అది ఇంటి దుమ్ములో ఉండే సన్న పురుగు.

1964లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో వోర్‌హోర్స్ట్, స్పీక్స్మా బృందం, ఇంటి దుమ్ము పడకపోవడానికి మూలం ఈ పురుగేనని ప్రతిపాదించింది. మిల్లీమీటరులో మూడోవంతు కూడా ఉండదు. మన ఒంటినుంచి రాలే చర్మపు పొట్టు తిని పరుపుల్లో, దిండ్లలో, తివాచీల్లో బతుకుతుంది. కుట్టదు, కరవదు. దాని విసర్జనే మనకు పడదు. ఈ పురుగు నీళ్ళు తాగదు, గాలిలోని తేమనే ఒంటికి పట్టించుకుంటుంది. ఇంట్లో గాలి తేమ 50 శాతం కన్నా తగ్గి చాలాకాలం అలాగే ఉంటే ఎండిపోయి చస్తుంది.

దావోస్ రహస్యం ఇక్కడే ఉంది. మన సంఘంలో ఇంజనీర్లు చాలామంది ఉన్నారు కనుక లెక్క చెబుతాను. సున్నాకు 5 డిగ్రీలు దిగువన ఉన్న గాలి ఎంత తడిగా ఉన్నా, ఘనపు మీటరుకు మూడు గ్రాముల చిల్లర నీటి ఆవిరిని మాత్రమే మోయగలదు. ఆ గాలినే గదిలోకి తెచ్చి పొయ్యితో 20 డిగ్రీలకు వేడిచేస్తే తేమ 20 శాతం ప్రాంతానికి పడిపోతుంది. పురుగు బతకడానికి అది ఎడారి. కనుకనే దావోస్‌లోనూ, ఇటలీలో 1,750 మీటర్ల ఎత్తున ఉన్న మిజురీనాలోనూ కొన్ని నెలలు ఉంచిన పిల్లలలో, ముఖ్యంగా ఆ పురుగు పడని పిల్లలలో, గొట్టాల వాపు తగ్గింది, మందుల అవసరమూ తగ్గింది. కానీ రెండో సగం కథ కూడా వినాలి. పిల్లలు కొండ దిగి తమ పాత పరుపుల మీదికి చేరాక, వచ్చిన మేలు క్రమంగా కరిగిపోయింది. కొండ జబ్బును కుదర్చలేదు, దూరంగా ఉంచింది, అంతే.

మన కొండలు వేరు

ఇప్పుడు అదే లెక్క తానా రాటాకు వేద్దాం. సుమారు 1,440 మీటర్ల ఎత్తు. ఎత్తులో దావోస్‌కు దగ్గరే. కానీ భూమధ్యరేఖకు నాలుగున్నర డిగ్రీల దూరంలో ఉన్న ఊరు. రాత్రి 15, 16 డిగ్రీలు, పగలు 25 దాటదు. ఏటా 2,500 మిల్లీమీటర్లకు పైగా వాన. మబ్బు కిటికీలోంచి గదిలోకే వచ్చేస్తుంది. 16 డిగ్రీల దగ్గర తడిసి ముద్దయిన గాలి ఘనపు మీటరుకు పదమూడున్నర గ్రాముల నీటిని మోస్తుంది. దాన్ని 22 డిగ్రీలకు వేడిచేసినా తేమ 70 శాతం ఉంటుంది. పైగా అక్కడ ఇళ్ళను వేడిచేసే అలవాటే లేదు. అంటే దుమ్ము పురుగుకు గానీ, బూజుకు గానీ అక్కడ వచ్చే కష్టమేమీ లేదు. దక్షిణ అమెరికాలో 2,600 మీటర్ల ఎత్తున ఉన్న బొగోటాలో, 2,800 మీటర్లున్న క్విటోలో కూడా ఇళ్ళ పరుపుల్లో ఈ పురుగులు కనిపించాయి. పురుగును చంపేది ఎత్తు కాదు, పొడిదనం. ఆల్ప్స్ పర్వతాల మాట జెంటింగ్‌కూ, ఫ్రేజర్స్ హిల్‌కూ అతికించకూడదనేది ఇందుకే.

మరి అక్కడికి వెళితే హాయిగా ఉంటుందే అంటారా? ఉంటుంది. క్లాంగ్ లోయలోని వాహనాల పొగ నుంచి తప్పుకుంటాం. ఉక్కపోత ఉండదు, నిద్ర పడుతుంది. సెలవులు కనుక బడి, ఆఫీసుల ఒత్తిడి ఉండదు. పిల్లలకు బడిలో అంటుకునే జలుబులు తగ్గుతాయి. ఇవన్నీ నిజమైన మేళ్ళే. అయితే మరోవైపు చూస్తే, చల్లటి గాలి తగిలితేనే గొట్టాలు బిగుసుకునేవాళ్ళు కొందరుంటారు. నెలల తరబడి మూసి ఉంచిన అద్దె బంగళాలో ముక్కవాసన వేసే కంబళ్ళు, పాత బంగళాలలో కట్టెల పొయ్యి పొగ, సెలవు దినాలలో బ్రించాంగ్ రోడ్డుమీద మైళ్ళ పొడవున నిలిచిపోయే కార్లు, ఇవీ అక్కడివే.

ఒక కుటుంబం సంగతి

పేర్లూ, ఊర్లూ చెప్పను. నేను చూసిన ఒక కుటుంబంలో తొమ్మిదేళ్ళ బాబుకు నెలకోసారి ఆసుపత్రిలో నెబులైజర్ పెట్టించవలసి వచ్చేది. నానమ్మగారికి కొండగాలి మీద గట్టి నమ్మకం. తండ్రి ఉన్న ఉద్యోగం వదిలేసి కొండమీద చిన్న కూరగాయల దుకాణం పెట్టే ఆలోచనలో ఉన్నాడు. తల్లికి ఇష్టం లేదు, కానీ పిల్లవాడి ఆయాసం చూడలేక ఊరుకుంది. ముందుగా స్కూలు సెలవుల్లో ఒక నెల ఉండి చూద్దామనుకున్నారు.

మొదటి రెండు వారాలూ పిల్లవాడు లేడిపిల్లలా గంతులు వేశాడట. కొండగాలే మందయింది కదా అని రోజూ పీల్చవలసిన నివారణ ఇన్‌హేలర్ ఆపేశారు. ఆ మందు ప్రభావం ఆపిన మరునాడే పోదు. రోజులు, వారాల మీద నెమ్మదిగా జారుతుంది. అందుకే ఆపినా ఏమీ కాలేదనిపిస్తుంది. మూడోవారం రెండు రోజులు ఎడతెగని వాన. జలుబు పట్టింది. అర్ధరాత్రి పిల్లవాడు మాట పూర్తిచేయలేని స్థితికి వచ్చాడు. అదృష్టవశాత్తూ తానా రాటాలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. వేళకు చేర్చగలిగారు. అదే తాపా రోడ్డు మలుపుల మధ్య జరిగి ఉంటే ఏమయ్యేదో నేను రాయను.

తిరిగి వచ్చాక నానమ్మగారు నన్ను సూటిగానే అడిగారు. "అయితే కొండది తప్పంటారా బాబూ?" "కొండది తప్పు కాదమ్మా. కొండను నమ్మి మందు మానడమే ముప్పు తెచ్చింది" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "సరే, రోజూ పొద్దుటా సాయంత్రం ఆ పీల్చుడు మందు నా ఎదురుగానే వెయ్యమంటాను" అన్నారు. అన్నట్లే చేశారు. తండ్రి ఉద్యోగం వదలలేదు. ఆ తరువాతి ఏడాది ఆ బాబుకు ఒక్కసారే నెబులైజర్ అవసరమయింది. నా మందుల చీటీకంటే నానమ్మగారి కాపలాకే అందులో ఎక్కువ భాగం ఇస్తాను.

పొగ కమ్మినప్పుడు

కొండకు పోవాలనిపించే మరో సందర్భం, అడవులు, పీట్ నేలలు తగలబడి వచ్చే పొగ. 1997లో సారవాక్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. 2005 ఆగస్టులో పోర్ట్ క్లాంగ్, కువాలా సెలాంగోర్‌లలో కాలుష్య సూచిక 500 దాటింది. 2013 జూన్‌లో మువార్‌లో మళ్ళీ అత్యవసర పరిస్థితి. 2015లో, 2019లో బడులు మూసేశారు. ఆ పొగలోని అతి సన్నని రేణువులు ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. అప్పుడు స్థలం మారడం తెలివైన పనే. కానీ పొగ కొండలకూ పాకుతుంది. బయలుదేరే ముందు ఆ ప్రాంతపు కాలుష్య సూచిక చూసుకోండి. వెళ్ళలేనివారు తలుపులు మూసి, ఏసీలో బయటిగాలి తీసుకునే మార్గం ఆపి, బయటికి వెళితే మామూలు గుడ్డ ముసుగు కాక ఎన్95 ముసుగు వేసుకోవాలి. నివారణ మందు ఒక్కపూట కూడా మానకూడదు.

చేపమందు మాటేమిటి?

మృగశిర కార్తె వస్తోందంటే హైదరాబాదుకు టిక్కెట్లు కొనేవారు మనలో ఉన్నారు. బత్తిని వారి చేపమందు 1845 నుంచి ఇస్తున్నామని ఆ కుటుంబం చెబుతుంది. వేలమంది నమ్మకంతో వెళుతున్నారు. నమ్మకాన్ని నేను ఎగతాళి చేయను. వైద్యుడిగా నేను అడిగేది ఒక్కటే: మద్రాసులో క్షయకు చేసినట్లు, తీసుకున్నవారినీ తీసుకోనివారినీ పక్కపక్కన పెట్టి చూసిన రుజువు కావాలి. వెళ్ళదలచినవారు వెళ్ళండి, కానీ ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని వెళ్ళండి, వచ్చాక కూడా కొనసాగించండి.

ఇంట్లో చేయవలసినవి

మొదటిది మందు. 1969లో వచ్చిన సాల్బుటమాల్ ఇన్‌హేలర్, మనందరికీ తెలిసిన నీలి రంగుది, బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది. లోపలి వాపును తగ్గించదు. వాపును తగ్గించేది పీల్చే స్టెరాయిడ్. ఈ తేడా తెలియక నీలిదాన్నే నమ్ముకుని కూర్చోవడం ప్రమాదం. 2019 నుంచి అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శకాలు పన్నెండేళ్ళు దాటినవారికి నీలి ఇన్‌హేలర్ ఒక్కదానితో వైద్యం చేయవద్దని, ప్రతివారికీ ఏదో ఒక రూపంలో పీల్చే స్టెరాయిడ్ ఉండాలని చెబుతున్నాయి. స్టెరాయిడ్ అనగానే భయపడకండి. మాత్రల్లో మిల్లీగ్రాములలో మింగేదాన్ని ఇక్కడ మైక్రోగ్రాములలో, అంటే అందులో వెయ్యోవంతు కొలతలో, నేరుగా గొట్టాలకే అందిస్తాము. పీల్చాక నోరు పుక్కిలించాలి. పిల్లలకు స్పేసర్ గొట్టం తప్పనిసరి. అది లేకపోతే మందులో ఎక్కువ భాగం గొంతులోనే ఆగిపోతుంది. "ఇన్‌హేలర్ అలవాటైపోతుంది" అనేది అపోహ. కళ్ళజోడు అలవాటైపోతుందని చూపు మసకగా ఉంచుకుంటామా?

రెండోది పడకగది. తివాచీలు, పిల్లవాడి మంచంమీద బొచ్చు బొమ్మలు తీసేయండి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతకండి. చన్నీటికి పురుగు చావదు. పరుపును మండుటెండలో ఆరవేయండి, ఎండకు మనకు కొదవ లేదు. ఏసీ తేమను కొంత తగ్గిస్తుంది, దాని వడపోత జల్లెడను తరచు కడగండి. గోడమీది నల్లబూజును వదలకండి.

మూడోది పొగ. ఇది మన ఇళ్ళకు ప్రత్యేకం. దేవుడి గదిలో సాంబ్రాణి, ఊదుబత్తులు, రాత్రి దోమల చుట్ట, వంటింట్లో ఎండుమిరప తాలింపు ఘాటు. దీపం పెట్టండి, పూలు పెట్టండి, పొగ తగ్గించండి. దేవుడు ఏమీ అనుకోడు. ఇంట్లో సిగరెట్టు మాత్రం ఎవరికీ వద్దు.

నాలుగోది ముందుచూపు. ఆయాసం వచ్చినప్పుడు ఎన్ని పీల్పులు, ఎంతసేపు ఆగాలి, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి అన్నది మీ డాక్టరుచేత కాగితంమీద రాయించుకుని, ఒక ప్రతి ఇంట్లో గోడకు అంటించి, ఒకటి బడిలో ఇవ్వండి. మాట పూర్తిచేయలేకపోవడం, పక్కటెముకల మధ్య లోపలికి గుంటలు పడటం, పెదవులు నీలంగా మారడం, నీలి ఇన్‌హేలర్ వేసినా తగ్గకపోవడం, వీటిలో ఏది కనిపించినా 999కు ఫోన్ చేయండి. తెల్లవారనిద్దాం అనుకోకండి.

ఇవన్నీ చేస్తూ, సెలవుల్లో కామెరాన్ హైలాండ్స్‌కు తప్పక వెళ్ళండి. తేయాకు తోటల మధ్య పిల్లలను పరుగెత్తనివ్వండి. వెళ్ళేటప్పుడు రెండు ఇన్‌హేలర్లూ, స్పేసర్, డాక్టరు రాసిన కాగితం, ఉతికిన సొంత దుప్పటి, దిండు సంచిలో ఉండాలి. గదిలోకి వెళ్ళగానే కిటికీలు తెరవండి, ముక్కవాసన వస్తే గది మార్చమనండి. వర్షాకాలమైతే ఆసుపత్రికి దగ్గరగా బస చూసుకోండి. కొండను విహారానికి ఉంచుకుందాం, వైద్యానికి ఇంట్లో మందుల పెట్టెను నమ్ముకుందాం.

సభ్య కుటుంబాలందరికీ ఉగాది శుభాకాంక్షలు. ఈ ఏడు వేపపూత చేదుతోపాటు పొద్దుటి ఇన్‌హేలర్‌ను కూడా పిల్లలు మరచిపోకుండా పెద్దలు చూసుకోవాలని కోరుతున్నాను.